చర్మం జిడ్డా, పొడా? విశాఖ గాలిలో చర్మం తీరు, వయసుతో వచ్చే మార్పులు

క్లుప్తంగా: జిడ్డు చర్మం, పొడి చర్మం అనేవి బ్లడ్ గ్రూప్ లాగా పుట్టుకతో స్థిరపడి ఉండవు. చర్మంలో నూనె ఊరడం ఒక సంగతి, నీరు నిలవడం మరో సంగతి. వయసుతో రెండూ తగ్గుతాయి కానీ ఒకే వేగంతో కాదు. విశాఖ తేమ గాలి నీరు తగ్గడాన్ని బయటికి కనపడనివ్వదు. ఇక్కడి చర్మంలో వయసు మొదట ముడతగా కాక రంగు తేడాగా తెలుస్తుంది.

గాజువాకలోనైనా ఎంవీపీ కాలనీలోనైనా మందుల షాపుకెళ్ళి ఫేస్ వాష్ అడిగితే ముందు ఎదురయ్యే ప్రశ్న ‘ఆయిలీ స్కినా, డ్రై స్కినా?’ అనే. వైజాగ్ జనంలో చాలామంది ఆయిలీ అనే చెబుతారు. స్నానం చేసి బస్సెక్కేలోపే ముఖం తళతళలాడుతుంటే ఇంకోలా అనుకోవడం కష్టమే. అదే మనిషి ఉద్యోగానికి హైదరాబాద్ వెళితే, డిసెంబర్ వచ్చేసరికి మోకాలి కింద గోటితో గీస్తే తెల్ల గీత పడుతుంది. పెదాలు పగులుతాయి. ఇక్కడ వాడిన ఫేస్ వాష్‌తోనే అక్కడా కడిగితే బుగ్గలు బిగుసుకుపోతాయి. సంక్రాంతికి ఇంటికొచ్చాక కొద్ది రోజులకే మళ్ళీ ముఖం జిడ్డు. ఈలోగా చర్మంలో మారింది కొంచెమే. గాలి మాత్రం పూర్తిగా మారింది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికీ, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న దక్కను పీఠభూమికీ గాలిలోని తేమలో ఉన్న తేడా అది.

రెండు లెక్కలు, రెండు పుట్టుకలు

జిడ్డు, పొడి, మామూలు, మిశ్రమం అనే నాలుగు రకాల లెక్క వైద్య కళాశాలల్లో పుట్టలేదు. 20వ శతాబ్దం మొదట్లో క్రీముల వ్యాపారంలో పుట్టింది. సౌందర్య సాధనాల వ్యాపారి హెలెనా రూబిన్‌స్టీన్ పేరును తరచు దీనికి ముడిపెడతారు. వచ్చిన మనిషికి ఏ సీసా ఇవ్వాలో తేల్చుకోవడానికి అది బాగా పనికొచ్చింది. ఇప్పటికీ దాని ముఖ్యమైన ఉపయోగం అదే.

చర్మవైద్యులు వాడే లెక్క వేరు. 1975లో హార్వర్డ్‌కు చెందిన థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ దాన్ని రూపొందించారు. అప్పట్లో సోరియాసిస్ రోగులకు చర్మం కాంతికి ఎక్కువగా స్పందించేలా చేసే సోరాలెన్ జాతి మందు ఇచ్చి, అతినీలలోహిత కాంతి కింద నిలబెట్టే చికిత్స మొదలైంది. ఎవరికి ఎంత కాంతి ఇవ్వాలో తెలియాలి కదా. అందుకని ఎండకు ఎంత కందుతుంది, ఎంత నల్లబడుతుంది అన్నదాన్ని బట్టి చర్మాన్ని విభజించారు. మొదట తెల్లవారి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని నాలుగు రకాలే పెట్టారు. చామనఛాయ, నలుపు చర్మాల కోసం ఐదు, ఆరు తర్వాత వచ్చి చేరాయి. తెలుగువాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ రకం జన్మతః వచ్చేది, దాదాపు మారదు. షాపులో అడిగే రకం మాత్రం ఊరితో, కాలంతో, వయసుతో మారుతూనే ఉంటుంది. రెంటికీ ‘స్కిన్ టైప్’ అనే పేరే ఉండటంతో సగం గందరగోళం వస్తోంది.

నూనె వేరు, నీరు వేరు

ముఖం, తల, ఛాతీ, వీపు మీద నూనె గ్రంథులు ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్ళలో అసలు ఉండవు. ఇవి ఎంత నూనె ఊరించాలో ప్రధానంగా ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లని పిలిచేవి (ఆడవాళ్ళలోనూ కొంత ఉంటాయి), నిర్ణయిస్తాయి. అందుకే పదమూడు, పద్నాలుగేళ్ళకు ఒక్కసారిగా ముఖం జిడ్డెక్కి మొటిమలు మొదలవుతాయి. ఎక్కువసార్లు కడిగితే గ్రంథులు కసిగా ఇంకా ఎక్కువ నూనె వదులుతాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. గ్రంథులు వినేది హార్మోన్ల మాట. సబ్బు సంగతి వాటికి పట్టదు.

నీటిని ఆపే పని ఈ నూనెది కాదు, చర్మపు పైపొరది. చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. పెంకుటింటి కప్పులో పెంకుల్లాగా చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య సందుల్ని సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి ఉంచుతాయి. ఈ పూత కరిగితే లోపలి నీరు గాలిలోకి పోతుంది. చర్మం బిరుసెక్కుతుంది, పొలుసులు లేస్తుంది, బయటి వస్తువులు తగిలితే మండుతుంది. చర్మం పీహెచ్ ఐదు దగ్గర ఉంటే మామూలు స్నానపు సబ్బుది తొమ్మిది, పది. రోజుకు నాలుగుసార్లు సబ్బు పెట్టి ముఖం కడిగితే పైన ఊరే నూనె గంటల్లో మళ్ళీ వస్తుంది. సందుల్లోని పూత అంత తొందరగా రాదు. అలా పైకి జిడ్డుగా, లోపల ఎండిపోయి ఉండే ముఖాలు తయారవుతాయి.

విశాఖలో ఇది బయటపడదు. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉండటంతో చర్మంలోని నీరు తొందరగా ఆవిరి కాదు. సందుల్లోని పూత దెబ్బతిన్నా చర్మం తడిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. చెమట కూడా ఆరక ముఖం మీదే నిలిచి నూనెలా మెరుస్తుంది. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ళకు మాత్రం సాయంత్రానికి కళ్ళ కింద, నోటి చుట్టూ బిగుతు తెలుస్తుంది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమనూ లాగేస్తుంది. గొట్టం చివర కారే నీళ్ళు అవే.

నూనో చెమటో తేల్చుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. ముఖం కడిగి, ఏమీ రాయకుండా, ఫ్యాన్ కింద గంటసేపు ఉండి, పల్చటి కాగితాన్ని నుదుటి మీద, బుగ్గ మీద విడివిడిగా అద్దాలి. చెమట తడైతే కాసేపట్లో ఆరిపోతుంది. నూనె అయితే పునుగుల పొట్లం మీద మరకలా అలాగే ఉండిపోతుంది. నుదురు, ముక్కు దగ్గరే మరక పడి బుగ్గలు పొడిగా ఉండటం చాలామందిలో కనిపించేదే. దాన్నే కాంబినేషన్ స్కిన్ అంటారు. నిజానికి అది ప్రత్యేకమైన రకం కాదు, గ్రంథులు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో చెప్పే పటం.

చల్లగాలి మాటున ఎండ

వయసుతో చర్మం మారడానికి రెండు దారులు. ఒకటి కాలం చేసేది, అందరికీ ఉండేది. రెండోది ఎండ, పొగ, దుమ్ము చేసేది. ఈ రెంటి తేడా చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. నలభై ఏళ్ళు దాటినవారి మోచేతి కింది భాగాన్ని, చంకకు దగ్గరగా ఉండే లోపలి వైపు చర్మంతో పోల్చి చూస్తే చాలు. వయసు ఒకటే, చర్మం ఒకటి కాదు.

విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏటా మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ నిమిషంలో నీడ ఉండదు. ఆ కాలంలో, ఆకాశం నిర్మలంగా ఉంటే, అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘అత్యంత తీవ్రం’ అనే 11 దాటుతుంది. అయితే ఇక్కడ మోసం చేసేది సముద్రపు గాలి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టాలంటేనే భయం. ఆర్కే బీచ్‌లో అదే వేళ గాలి హాయిగా ఉంటుంది కాబట్టి జనం నిలబడతారు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. గాలి చల్లగా ఉన్నంత మాత్రాన కిరణాలు తగ్గవు. పైగా పొడి ఇసుక ఆ కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ 25 శాతాన్ని తిప్పికొడతాయి. టోపీ పెట్టుకున్నా కిందనుంచి తగులుతూనే ఉంటాయి. అరకు, లంబసింగి వైపు వెళితే చలి ఎక్కువ, కిరణాలూ ఎక్కువే. వెయ్యి మీటర్ల ఎత్తుకు యూవీ పది శాతానికి పైగా పెరుగుతుంది.

మనకు తగిలే యూవీ కిరణాలు రెండు రకాలు. యూవీ-బీ చర్మాన్ని కందిస్తుంది, కమిలిస్తుంది. యూవీ-ఏ అలా వెంటనే పట్టుబడదు. కింది పొరదాకా దిగి, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ పోగుల్ని కత్తిరించే ఎంజైములను లేపుతుంది. మామూలు కిటికీ గాజు యూవీ-బీని చాలావరకు ఆపుతుంది, యూవీ-ఏను అంతగా ఆపలేదు. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన ఫొటో ఈ సంగతిని ప్రపంచానికి చూపింది. 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి ముఖంలో, కిటికీ వైపున్న ఎడమ సగం లోతైన ముడతలతో తోలులా మందమెక్కింది. కుడి సగం అంత పాడవలేదు. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి దెబ్బ కుడి చెంపకు, కుడి మోచేతికి.

చామనఛాయకు ఒక లాభముంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంతవరకు గొడుగులా పనిచేస్తుంది. 1979లో అమెరికాలో పోల్చి చూస్తే నల్లవారి పైచర్మం ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి, ముఖ్యంగా యూవీ-బీ నుంచి రక్షణను చెప్పే అంకె) 13కి దగ్గరగా, తెల్లవారిది 3కి దగ్గరగా రక్షణ ఇచ్చింది. తెలుగువాళ్ళలో ఎక్కువమంది చర్మం ఈ రెంటి మధ్య ఉంటుంది. అందుకే యూరప్ వాళ్ళ కంటే ఇక్కడ ముడతలు ఆలస్యంగా వస్తాయి, ఎండతో వచ్చే చర్మ క్యాన్సర్లు బాగా తక్కువ. కానీ ఆ మెలనిన్ కణాలే చిన్న రెచ్చగొట్టుడుకు కూడా రంగు కక్కుతాయి.

ముడత కంటే ముందు మచ్చ

క్రీముల ప్రకటనల్లో వయసంటే కళ్ళ పక్కన ముడతలు. అది ఎక్కువగా తెల్ల చర్మపు కథ. ఇక్కడ ముందు వచ్చేవి బుగ్గల మీద మంగు, కళ్ళ చుట్టూ నలుపు, మొటిమ తగ్గినా నెలల తరబడి పోని మరక. మంగు ఆడవాళ్ళలో ఎక్కువ. గర్భం, కొందరికి గర్భనిరోధక మాత్రలు, వాటికి తోడు ఎండ, కుటుంబ లక్షణం కలిసి తెస్తాయి. చామనఛాయ చర్మంలో యూవీ మాత్రమే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగు పెంచుతుందని తేలింది. అందువల్ల మంగు ఉన్నవారికి తెల్లటి మామూలు సన్‌స్క్రీన్ కంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఎక్కువ పనిచేస్తుంది.

దుమ్ము, పొగ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. జర్మనీలో వృద్ధ మహిళలను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వాహనాల పొగ మసి ఎక్కువ తగిలినవారి నుదుటి మీద, బుగ్గల మీద మచ్చలు ఎక్కువగా కనిపించాయి. పోర్టు, ఫ్యాక్టరీలు, లారీల రాకపోకల మధ్య బతికే ఊరికి ఇది దూరపు ముచ్చట కాదు. పొగాకు పని ఇంచుమించు యూవీ-ఏ చేసేదే, కొలాజెన్ కోసే ఎంజైములను పెంచడం, చర్మానికి రక్తం తగ్గించడం. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్ళకు నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు ఉంది, అడ్డపొగ అంటారు. అంగిలికి అది తెచ్చే జబ్బులు వైద్య లోకానికి దశాబ్దాలుగా తెలిసినవే.

మెడ చుట్టూ నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా తయారైతే ఎండకు నల్లబడిందనో మురికనో అనుకుని పీచుతో రుద్దుతారు. తరచుగా అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. సబ్బుతో పోదు, బరువు తగ్గితే తగ్గుతుంది. షుగర్ పరీక్ష చేయించుకోవాల్సిన సందర్భం అది. నలభై దాటాక బుగ్గల మీద లేచే చిన్న చిన్న నల్ల గింజలను అందరూ పులిపిర్లనే అంటారు. అసలు పులిపిరి వైరస్‌తో వచ్చేది, ఇవి కుటుంబంలో వచ్చేవి, హాని లేనివి. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టి కాల్చుకుంటే గింజ పోయి దాని చోట గుంటో తెల్ల మచ్చో మిగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం ఫెయిర్‌నెస్ పేరుతో రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ కలిపిన పూతమందును మంగుకు కొన్ని వారాలపాటు డాక్టర్లు రాయడం మామూలే. చిక్కు ఆ తర్వాత. మొదటి నెలలో రంగు తేలుతుంది కాబట్టి ఆ ట్యూబును మానరు. అక్క వాడింది చెల్లెలు, చెల్లెలు వాడింది పక్కింటి అమ్మాయి రాసుకుంటారు. కొన్ని నెలలకు చర్మం పల్చబడి ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు గుత్తులుగా లేస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. ఆపితే ముఖం భగభగ మండుతుంది. ఆ మంట తట్టుకోలేక మళ్ళీ అదే రాస్తారు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు ఎన్ని అన్నది వేరే ప్రశ్న. ఉక్కపోతలో వచ్చే తామరకు కూడా ఇలాంటి మిశ్రమాలే రాసుకోవడంతో, కొన్ని వారాల్లో పోవాల్సింది నెలల తరబడి పాకుతోంది.

వయసు మెట్లు

పసిపిల్లల నూనె గ్రంథులు తల్లి హార్మోన్ల ప్రభావంతో కొన్ని వారాలు పనిచేసి, తర్వాత యుక్తవయసు దాకా నిద్రపోతాయి. కాబట్టి చిన్నపిల్లల్లో ‘జిడ్డు చర్మం’ అనేది ఉండదు. ఇరవైలు దాటాక కొలాజెన్ ఏటా ఒక శాతం చొప్పున తగ్గడం మొదలవుతుంది. పదేళ్ళ దాకా ఎవరికీ తెలియదు. నాలుగు వారాల్లో కొత్తది కావాల్సిన పైపొర అరవై దాటాక ఆరు వారాలు, ఇంకా ఎక్కువ తీసుకుంటుంది.

పెద్ద మలుపు ఆడవాళ్ళకు ముట్లుడిగే దశలో వస్తుంది. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ పడిపోయిన తొలి ఐదేళ్ళలో చర్మంలోని కొలాజెన్ సుమారు 30 శాతం పోతుందని, ఆ తర్వాత ఏటా 2 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. నూనె కూడా తగ్గుతుంది. మగవాళ్ళలో నూనె డెబ్బై దాకా పెద్దగా తగ్గదు. అరవై దాటిన దంపతుల్లో ఆయన తలగడ ఇంకా జిడ్డుగా ఉంటే, ఆమె కాళ్ళు దురదతో నిద్రపట్టదంటుంది. ఇద్దరికీ ఇంట్లో ఒకే సబ్బు.

ఈ మలుపు మన దేశంలో సగటున 46 ఏళ్ళకే వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో మరో కారణం తోడవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఇది ముందు వరసలో ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై ఐదేళ్ళ మనిషికైనా ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. గర్భసంచి ఒక్కటే తీసినా ముట్లుడిగే దశ కొంత ముందుగానే రావచ్చు. ‘ఆపరేషన్ అయ్యాక ఒళ్ళు ఎండిపోయింది’ అని ఇళ్ళలో వినిపించే మాట ఊరికే వచ్చింది కాదు. అయినా చర్మ రకాల గురించిన రాతల్లో ఈ ఆపరేషన్ ప్రస్తావన అరుదు.

అరవై ఐదు దాటాక పై చర్మానికీ కింది చర్మానికీ మధ్య ఉండే మెలికల పట్టు చదునైపోతుంది. మంచం కోడు తగిలినా తోలు లేచిపోతుంది. ముంజేతుల మీద ఎర్రగా, ఊదాగా రక్తపు మచ్చలు వస్తాయి, రక్తం పల్చబడే మాత్రలు వాడేవారిలో మరీ. చెమట తగ్గుతుంది కాబట్టి మే ఉక్కలో వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. ఎండలో విటమిన్-డి తయారయ్యే శక్తి ఇరవై ఏళ్ళ వయసుతో పోలిస్తే డెబ్బైలో పావు వంతుకు పడిపోతుంది. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళకు కూడా డి లోపం బయటపడటంలో ఆశ్చర్యం లేదు, ఆ వేళ ఎండలో యూవీ-బీ ఎలాగూ అంతంతే.

సున్నిపిండి, నూనె, సన్‌స్క్రీన్

తలంటు పద్ధతిలో తర్కం ఉంది. ముందు నువ్వుల నూనె పట్టించడం వల్ల పిండి రుద్దినప్పుడు సందుల్లోని పూత మొత్తం పోదు. పెసరపిండి, శనగపిండి మిగులు నూనెను పీల్చుకుంటాయి, సబ్బంత క్షారం కావు. అయితే బరకగా విసిరిన పిండితో పండు వయసు చర్మాన్ని రుద్దితే గీరుకుపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని ఇళ్ళలో సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. వాటిలో ఉండేది సోరాలెన్, ఫిట్జ్‌ప్యాట్రిక్ ఏ మందు కోసమైతే లెక్క కట్టారో ఆ జాతిదే. ఒంటి మీద మిగిలి ఎండ తగిలితే కొందరికి బొబ్బలు, నల్ల మచ్చలు వస్తాయి. నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్ళినా జరిగేది అదే జాతి రసాయనంతో అదే పని.

వాడకంలో ఎక్కువమంది తప్పేది మోతాదు దగ్గర. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉన్న ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన కట్టింది. సాధారణంగా జనం రాసేది అందులో సగమో పావో. ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాస్తే యూవీ-బీలో 97 శాతాన్ని ఆపుతుంది. అంతకు మించి పెద్ద అంకెలకు డబ్బు పోయడం వల్ల అదనంగా వచ్చేది స్వల్పం. విశాఖలో చెమటతో అది కరిగిపోవడమే అసలు చిక్కు కాబట్టి రెండు, మూడు గంటలకోసారి మళ్ళీ రాయక తప్పదు. రోజంతా బయట తిరిగే ఆటో డ్రైవరుకో, జాలారిపేటలో చేపలమ్మే ఆమెకో ఇది అయ్యే పని కాదు. వాళ్ళకు పొడుగు చేతుల నూలు చొక్కా, తలమీది గుడ్డ, అంచు వెడల్పు టోపీ ఎక్కువ కాపాడతాయి, ఖర్చూ తక్కువ.

పొడిబారిన కాళ్ళకు ఖరీదైన క్రీమే కావాలని లేదు. స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే రాసే కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ నీటిని లోపలే ఆపుతాయి. జిడ్డు ముఖం మీద కొబ్బరి నూనె రాస్తే మాత్రం రంధ్రాలు పూడుకుని మొటిమలు పెరగవచ్చు. పెద్దవాళ్ళు పొగలు కక్కే వేన్నీళ్ళతో చేసే స్నానం చర్మంలోని కొవ్వును కడిగేస్తుంది.

వయసు మీద తోసేయకూడనివి

పొడిబారడం, దురద అన్నీ వయసువే కావు. థైరాయిడ్ తగ్గినా చర్మం ఎండిపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు లేకుండానే దురద వారాల తరబడి ఉంటే కిడ్నీ, కాలేయం పరీక్షలు అవసరమవుతాయి. కిడ్నీ జబ్బుల పేరుతో దేశమంతా తెలిసిన ఉద్దానం ఉన్న ఉత్తరాంధ్రలో ఆ సంగతి గుర్తుంచుకోదగ్గదే. షుగర్ ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని చెమట ఆగిపోతుంది, మడమలు పగులుతాయి. నొప్పి తెలియదు కాబట్టి ఆ పగుళ్ళలోంచి చీము పట్టేదాకా చూసుకోరు. చర్మ క్యాన్సర్ ఇక్కడ అరుదే అయినా, వచ్చే మెలనోమాలు (రంగు కణాల క్యాన్సర్లు) తరచుగా ఎండ తగలని చోట కనిపిస్తాయి. అరికాలి మీద, గోరు కింద కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్ల మచ్చ ఉంటే చర్మవైద్యులకు చూపించాలి. చెప్పులు వేసుకునే ముందు అరికాలు తిప్పి చూసుకునే అలవాటు చాలామందికి ఉండదు. షుగర్ ఉన్నవాళ్ళ పగుళ్ళు కూడా అక్కడే దాక్కుంటాయి.